పారిపోతున్నవారి గురించి రాసేటప్పుడు



కొన్ని నెలల కిందట ఒక ఆదివారం, జహీరాబాదులో పూజ ముగిసి జనం గుడి వరండాలో చెప్పులు వెతుక్కుంటున్న వేళ, మా విచారణ అమ్మాయి ఒకతె నన్ను పక్కకు పిలిచింది. ఒకప్పుడు నా దగ్గర చదువుకున్న పిల్లే. ఇప్పుడు హైదరాబాదులో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. కళ్లు చూస్తే రాత్రి నిద్రపోయినట్టు లేదు.

"సార్, నేను నిజం రాసిన. అర్ధగంట కాకముందే తీసేసిన్రు. ఎందుకంటే ఆధారం చూపియ్యమంటున్రు. అన్నీ కండ్లార చూసినామె నా ఎదురుంగ కూసొని చెప్పింది సార్. అంతకన్న ఆధారం ఇంకేముంటది?"

విషయం ఇది. ఆ పిల్ల తీరిక దొరికినప్పుడల్లా తెలుగు వికీపీడియాలో రాస్తుంది. వికీపీడియా అంటే కంప్యూటరులోనో ఫోనులోనో ఎవరైనా ఉచితంగా చదువుకోగల విజ్ఞాన సర్వస్వం. చదవడమే కాదు, ఎవరైనా అందులో రాయవచ్చు, ఒకరు రాసినదాన్ని మరొకరు దిద్దవచ్చు. 2001 జనవరిలో ఇంగ్లీషులో మొదలైంది, 2003 డిసెంబరులో తెలుగులోనూ వచ్చింది. రాసేవారికి జీతాలు లేవు, సన్మానాలు లేవు. కొమర్రాజు లక్ష్మణరావుగారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం తలపెట్టి, మూడు సంపుటాలు వెలువరించి, అకారం దాటకముందే 1923లో కన్నుమూశారు. ఆయన కొద్దిమంది పండితులతో లాగిన బండిని ఇప్పుడు ముక్కూ మొహం తెలియని జనం తలా ఒక చేయి వేసి లాగుతున్నారన్నమాట.

ఆమె రాస్తున్నది రోహింగ్యా శరణార్థుల గురించి. హైదరాబాదు శివార్లలో, బాలాపూర్ చుట్టుపక్కల, ఆ ప్రజలు కొన్నివేల మంది గుడిసెలు వేసుకొని బతుకుతున్నారు. స్నేహితురాళ్లతో కలిసి అక్కడ బట్టలు పంచడానికి వెళ్లినప్పుడు ఒక తల్లి వచ్చీరాని ఉర్దూలో తన ఊరు ఎలా కాలిపోయిందో, ఎవరెవరు పోయారో, వెనక ఎవరు మిగిలారో చెప్పుకుందట. ఈ పిల్ల హాస్టలుకు వచ్చి ఆ రాత్రే అంతా పేజీలో ఎక్కించింది. తెల్లవారి చూస్తే లేదు.

నిజాన్ని ఆపడం తప్పా, ఆపకపోవడం తప్పా? ఎనిమిదవ ఆజ్ఞను చిన్నప్పటి నుంచి వల్లించిన మనకు ఇది తేలిక ప్రశ్నలా కనిపిస్తుంది. నాకు అంత తేలికగా తోచలేదు. ఆ పూట ఆమెకు సూటిగా జవాబు చెప్పలేకపోయాను.

ముందు ఆ తీసేసినవారి పక్షం కొంత వినాలి. అక్కడి కట్టుబాట్లను ఆమే నాకు చూపించింది. రాసినది ఇతరులు సరిచూసుకోగలిగినదై ఉండాలి. అప్పటికే అచ్చయిన నమ్మదగిన మూలం ఉండాలి. రాసేవాడు తన పక్షం చూపకూడదు, సొంతంగా కనిపెట్టిన సంగతిని అక్కడ మొదటిసారి ప్రకటించకూడదు. పేచీ వస్తే పక్కనే చర్చ పేజీ ఉంది. ఇంకా పెద్ద పేచీలకు 'రచ్చబండ' అనే చోటు ఉంది. పేరు నాకు నచ్చింది. మన పల్లెల్లో రావిచెట్టు కింద బండమీద కూర్చున్న పెద్దలు కూడా చూసినవాడెవడని అడిగేవారు గానీ, ఎవరి గొంతు పెద్దదని అడిగేవారు కారు. కనీసం అలా అడగాలని అనుకునేవారు.

యుద్ధం నడుస్తున్నప్పుడు ఈ కట్టుబాట్లు మరింత అవసరం. రెండు పక్షాలూ అబద్ధాలాడతాయి. ఒక దేశంలో ఎప్పుడో తీసిన శవాల ఫొటో మరో దేశంలో నిన్న తీసినదిగా తిరుగుతుంది. 'నిప్పులేనిదే పొగ రాదు' అని మనం తల ఊపుతాం. అబద్ధ సాక్ష్యానికి ఆ సామెత చేసినంత సేవ ఏ వకీలూ చేసి ఉండడు.

అంకెల సంగతి చూడండి. 2022 ఫిబ్రవరి 24న రష్యా సైన్యం ఉక్రెయిన్ మీదికి నడిచింది. మన తెలుగు పిల్లలు చాలామంది అక్కడ డాక్టరు చదువులు చదువుతుండటంతో ఆ రోజుల్లో మన ఇళ్లలో టీవీలు ఆర్పలేదు. 'ఆపరేషన్ గంగ' పేరిట ప్రభుత్వం 20 వేలకు పైగా భారతీయులను వెనక్కి తెచ్చింది. వారం తిరిగేసరికి ఆ దేశం దాటినవారు 10 లక్షలు, మార్చి నెలాఖరుకు 40 లక్షలు అన్నారు. వికీపీడియాలో ఆ సంక్షోభం గురించిన పేజీలో అంకె పూటపూటకూ మారుతూ వచ్చింది. తీరా ఆ ఏడాది జూన్‌లో ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ లెక్కకట్టే పద్ధతినే మార్చింది. అంతవరకు లెక్కించినది సరిహద్దు దాటిన సార్లను. ఒక తల్లి పోలండుకు వెళ్లి, ముసలి అత్తగారిని తెచ్చుకోవడానికి తిరిగి వచ్చి, మళ్లీ దాటితే ఆమె రెండుసార్లు లెక్కకు వచ్చింది. దాటిన సార్లు 70 లక్షలు మించాయి. ఐరోపా దేశాల్లో శరణార్థులుగా నమోదైన మనుషులు 48 లక్షలు.

మరి పెద్ద అంకె రాసినవారు అబద్ధమాడారా? తేదీ వేసి, ఎవరు చెప్పారో చెప్పి, ఏమి లెక్కించారో చెప్పినవాడు అబద్ధమాడలేదు. అంకెను ఒంటరిగా నిలబెట్టి, దాని వెనక 'అయ్యో' అని చేర్చినవాడు, మనసు ఎంత మంచిదైనా, తప్పు చేశాడు. రేపు ఆ అంకె తగ్గినప్పుడు లోకం 'చూశావా, అంతా నాటకం' అంటుంది. ఆ మాట పడేది రాసినవాడు కాదు, బిడ్డను చంకనెత్తుకొని వంతెన మీద నిలబడిన తల్లి.

లెక్కపెట్టకపోతే ఏమవుతుందో మన తెలుగువారికే బాగా తెలిసి ఉండాలి. కానీ మనమే మరచిపోయాం. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూను మీద బాంబులు వేశాయి. ఆ నగరంలో రేవు కూలీలు, రిక్షా లాగేవారు, బియ్యం మిల్లుల్లో పనివారు ఎందరో మన శ్రీకాకుళం, విశాఖ, గోదావరి సీమలవారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వెళ్లినందున వారిని అక్కడ 'కోరంగీలు' అనేవారు. ఓడలు అందనివారు నడిచారు. కొందరు ప్రోము మీదుగా కొండదారి దాటి అరకాను తీరానికి, అక్కడి నుంచి చిట్టగాంగుకు, మరికొందరు అడవులగుండా మణిపురానికి. బర్మా వదిలిన భారతీయులు నాలుగైదు లక్షలని అంచనా. దారిలో కలరాతో, ఆకలితో, అలసటతో రాలిపోయినవారు 10 వేలని ఒకరు, 50 వేలని ఒకరు, ఇంకా ఎక్కువని మరొకరు. అసలు లెక్క ఎవరి దగ్గరా లేదు. హ్యూ టింకర్ అనే చరిత్రకారుడు 33 ఏళ్ల తర్వాత, 1975లో, ఈ నడక మీద ఒక పరిశోధన వ్యాసం రాస్తూ దాని పేరులోనే 'మరచిపోయిన' అనే మాట పెట్టుకున్నాడు. ఆ చనిపోయినవారిలో తెలుగువారెందరో వేరుగా చెప్పగలవారు నాకు కనబడలేదు. ఆ అరకానే ఈనాటి రఖైన్. రోహింగ్యాలు వదిలి వస్తున్నది ఆ నేలనే.

వారి విషయంలో అంకె కన్నా ముందు పేరే పేచీ. బర్మా ప్రభుత్వం రోహింగ్యా అనే మాటనే ఒప్పుకోదు. వారు బెంగాలీలని, బయటివారని అంటుంది. 1982 నాటి పౌరసత్వ చట్టంతో అక్కడ గుర్తింపు పొందిన 135 జాతుల్లో వారికి చోటు లేకుండా పోయింది. 2017 ఆగస్టు 25 తర్వాత సైన్యం చేసిన దాడులతో 7 లక్షలకు పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయారు. 2021లో అక్కడ సైన్యం అధికారం లాక్కున్నాక దేశమంతా అంతర్యుద్ధం రేగింది. రఖైన్‌లో సైన్యానికీ అరకాన్ ఆర్మీకీ మధ్య నలిగి 2024 నుంచి మరో లక్షకు పైబడి దాటి వచ్చారు. కథ ముగియలేదు. ఇక మన దేశం 1951 నాటి శరణార్థుల ఒప్పందం మీద సంతకం చేయలేదు. మన ప్రభుత్వం వారిని అక్రమ వలసదారులంటుంది, ఐక్యరాజ్యసమితి సంస్థ శరణార్థులని కార్డులిస్తుంది. ఆ పిల్ల పేజీలో మొదటి వాక్యం రాయాలన్నా ఈ రెండు మాటల్లో ఒకటి ఎంచుకోవాలి. ఎంచుకోగానే ఎవరో ఒకరు దిద్దుతారు, ఇంకొకరు దాన్ని మళ్లీ దిద్దుతారు. వీటిని అక్కడ దిద్దుబాటు యుద్ధాలంటారట. అసలు యుద్ధం చాలనట్టు!

ఈ పేరు ముళ్లు జగద్గురువులు ఫ్రాన్సిస్ పాపుగారికీ గుచ్చుకున్నాయి. ఆయన 2017 ఆగస్టులోనే రోములో 'రోహింగ్యా సోదరులు' అని బాహాటంగా అన్నారు. నవంబరు చివర బర్మా వెళ్లినప్పుడు మాత్రం అక్కడి కార్డినల్ చార్ల్స్ బో గారి సలహా విని, బహిరంగ సభల్లో ఆ మాట పలకలేదు. లోకమంతా విమర్శించింది. పేరు పలకడానికి కూడా భయమా అన్నారు. డిసెంబరు 1న ఢాకాలో 16 మంది రోహింగ్యాలు ఆయన ముందుకు వచ్చారు. ఒక్కొక్కరి చేయి పట్టుకొని విన్నారు. వారిని హింసించినవారి తరఫున క్షమాపణ అడిగారు, ఆ పేరు పలికారు. తిరుగు ప్రయాణంలో విలేకరులు అడిగితే, బర్మాలో ఆ మాట అని ఉంటే తలుపు మూసుకుపోయేదని, తన సందేశం లోపలికి చేరేది కాదని వివరించారు.

నాకు 2025 ఏప్రిల్‌లో కన్నుమూసిన ఆ పెద్దాయన మీద ఎంతో గౌరవం. అయినా ఆ మౌనం సరైనదేనా అని నేటికీ తేల్చుకోలేను. ఒకటి మాత్రం ఒప్పుకుంటాను. అతిథిగా వెళ్లిన దూతకు ఉన్న వెసులుబాటు విజ్ఞాన సర్వస్వం రాసేవారికి లేదు. వారు ఏ తలుపూ తట్టడం లేదు. ఒక జనం తమను తాము ఏ పేరుతో పిలుచుకుంటారో ఆ పేరుతోనే పిలవాలి. ఆ పేరును ఎవరు కాదంటున్నారో, ఎందుకు కాదంటున్నారో ఆ పక్క వాక్యంలో రాయాలి.

ఇంతదాకా పరాయి సంగతులు. సొంత ఊరి సంగతికి వచ్చేసరికి కలం తడబడుతోంది.

మా జహీరాబాదు తాలూకా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలోని బీదరు జిల్లాలోది. షోలాపూరు నుంచి హైదరాబాదు వెళ్లే పెద్దరోడ్డు మా ఊరిమీదుగానే పోతుంది. ఈ కాలంలో చెరకు ట్రాక్టర్లతో నిండే ఈ రోడ్డు మీదనే 1948 సెప్టెంబరులో భారత సైన్యం వచ్చింది. 13న కదిలి 16 చీకటిపడేసరికి జహీరాబాదు దాటింది. ఐదు రోజుల్లో అంతా ముగిసిందని పుస్తకాలు చెబుతాయి.

మా నాయన చెప్పిన కథ దానికి ముందుది. రజాకార్ల భయంతో రాత్రికి రాత్రి ఎడ్లబండి కట్టి, ఎద్దుల మెడలో గంటలు విప్పేసి, షోలాపూరు వైపు పోయారట. ఆ ఏడాది మే నెలలో మా బీదరు జిల్లా గోర్టాలోను, ఆగస్టు 27న నేటి సిద్ధిపేట జిల్లా బైరాన్‌పల్లిలోను జరిగిన ఊచకోతలు వింటే ఆ భయం ఉత్తది కాదని తెలుస్తుంది. ముప్పై ఏళ్లు సాంఘికశాస్త్రం చెప్పాను. ఆ గంటల మాట చెప్పినప్పుడల్లా తరగతి నిశ్శబ్దమయ్యేది.

సైన్యం వచ్చాక అదే రోడ్డు మీద, అదే రకం ఎడ్లబండ్లలో, ఎదురు దిక్కుకు ఇంకొక జనం పారిపోయిందని నాకు చాలా ఏళ్లు తెలియదు. తెలియదనడం కన్నా అడగలేదనడం నిజాయితీ. బీదరు, ఉస్మానాబాదు, గుల్బర్గా, నాందేడు జిల్లాల్లో ముస్లింల మీద దాడులు జరిగాయి. మిగిలినవారు హైదరాబాదు నగరం దారి పట్టారు. భారత ప్రభుత్వమే పంపిన పండిత సుందర్‌లాల్ కమిటీ ఆ చలికాలంలో ఊళ్లు తిరిగి, తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని రాసింది. అత్యధికంగా నష్టపోయిన నాలుగు జిల్లాల్లో మాది ఒకటి. సర్దార్ పటేల్ ఆ నివేదికను ఒప్పుకోలేదు. అది అప్పట్లో అచ్చుకాలేదు. 2013లో గానీ ఢిల్లీలో చదవగోరినవారికి అందుబాటులోకి రాలేదు. ఏళ్ల తరబడి మూలం చేతికందలేదు. మూలం లేనప్పుడు, ఆ పిల్ల చెప్పే కట్టుబాటు ప్రకారం, ఆ జనం పారిపోనే లేదు.

ఈ కట్టుబాటుతో నాకున్న పేచీ ఇక్కడే. అచ్చయినదే ఆధారమంటే అచ్చు ఎవరి చేతిలో ఉందో వారి కన్నీరే లెక్కకు వస్తుంది. గుడిసెలో కూర్చున్న ఆ తల్లి గురించి ఏ పత్రికా రాయదు, ఏ కమిటీ రాదు. తటస్థత అనే మాటను కూడా జాగ్రత్తగా పట్టుకోవాలి. తరిమేవాడికీ పారిపోయేవాడికీ నడుమ సరిగ్గా సగం దూరంలో కుర్చీ వేసుకోవడం న్యాయం కాదు. సెప్టెంబరు 17ను ఒకరు విమోచన అంటారు, ఒకరు విలీనం అంటారు, ఇంకొకరు విద్రోహం అంటారు. ఈ మూడింటినీ కలిపి పలుచన చేసి నాలుగో మాట పుట్టిస్తే నిజం దొరకదు. ఎవరు ఏ మాట ఎందుకు అంటున్నారో చెప్పి, రోడ్డు మీద రెండు దిక్కులా నడిచిన బండ్లను రెంటినీ చూపడమే పని. నేను తరగతిలో ఒకే బండిని చూపించాను. అబద్ధమేమీ చెప్పలేదు. అయినా ఆ సంగతి పాపసంకీర్తనంలో చెప్పుకోవలసి వచ్చింది.

అలాగని కట్టుబాటు తీసేయమందామా? తీసేస్తే ముందు వచ్చేది ఆ తల్లి మాట కాదు. అరవగలవారి అరుపులు వస్తాయి. అందుకే తర్వాతి ఆదివారం ఆ పిల్లతో ఇలా అన్నాను. "తీసినవారి మీద కోపం పెట్టుకోకు బిడ్డా. ఆ మాటకు అది చోటు కాదు. చోటు ఇంకొకటి వెతకాలె. రాసుకో, ఆమె గొంతు రికార్డు చెయ్యి, దాచగలవాళ్ల దగ్గర దాయించు. చరిత్ర చదివినవాళ్లెవరైనా నలుగురివి పోల్చి చూసి అచ్చు వేస్తే అప్పుడు నీ పేజీలకు వస్తది."

"గప్పటిదాక నాకు తెలిసిన నిజం దాసిపెడితె పాపం కాదా సార్?"

ఈసారి జవాబు వెతుక్కొని వచ్చాను. 1992లో వెలువడిన శ్రీసభ సత్యోపదేశం ఎనిమిదవ ఆజ్ఞను వివరిస్తూ అబద్ధాన్నీ, తొందరపాటు తీర్పునూ ఖండిస్తుంది. ఆ తర్వాత మనం అంతగా పట్టించుకోని ఒక మాట కూడా అంటుంది. నిజం తెలుసుకునే హక్కుకూ, తెలియజేసే హక్కుకూ హద్దుంది. ఇతరుల క్షేమం ఆ హద్దుల్లో ఒకటి. అడిగిన ప్రతివాడికీ ప్రతి నిజమూ చెప్పి తీరవలసిన బాధ్యత మనకు లేదు. జోజప్ప, మరియతల్లి, దివ్యబాలుడు హేరోదుకు భయపడి రాత్రివేళ ఐగుప్తుకు పారిపోయారని మత్తయి రాశాడు. ఏ ఊరిలో ఉన్నారో, ఎవరింట తలదాచుకున్నారో రాయలేదు. తెలియక రాయలేదో, మరెందుకో! ఆ ఖాళీలు తర్వాతివాళ్లు కథలతో నింపారు.

"అసలు ఆమెను అడిగినవా?" అన్నాను. "లోకానికి చెప్పమన్నదా, నీకు చెప్పుకున్నదా?"

పిల్ల మాట్లాడలేదు.

మూడు వారాలకు మళ్లీ వచ్చింది. బాలాపూర్ వెళ్లి అడిగిందట. తాను రాసినది ఫోనులో పెట్టి, ఉర్దూలో చదివి వినిపించిందట. ఆ తల్లి చివరిదాకా విని, తన ఊరి పేరు, ఆ ఊళ్లో చేపల వ్యాపారం చేసే తమ్ముడి సంగతి వచ్చేసరికి చేయి అడ్డం పెట్టిందట. తమ్ముడు ఇంకా అక్కడే ఉన్నాడు. ఈమె ఎక్కడుందో, బతికుందో లేదో అక్కడ ఎవరికీ తెలియదు. తెలిస్తే అతని దగ్గర డబ్బు గుంజుతారు, లేదా వేరే ఏమైనా చేస్తారు. మిగిలినదంతా రాసుకో, అది మాత్రం వద్దు అన్నదట.

"అర్ధగంటల తీసేసిన్రు గద, పోయింది గద అనుకున్న సార్. కానీ పోదు. పేజీల కెల్లి తీసినా పాత రాతలన్నీ 'చరితం' అని ఒక జాబితల ఉంటయి. ఎవరు నొక్కినా కనవడతది. మూడు వారాలు గట్లనే ఉన్నది."

అటువంటివాటిని దాచే అధికారం అక్కడి నిర్వాహకులకు మాత్రమే ఉంటుందట. ఆ రాత్రే కారణం చెప్పి అడిగిందట. తెల్లవారేసరికి దాచారట. తన ఫోను తీసి నాకు చూపించింది. ఆ జాబితాలో అన్ని వరుసలూ మామూలుగా ఉన్నాయి. ఒక్క వరుసలో మాత్రం తేదీ, సమయం బూడిద రంగులో, మీద అడ్డగీతతో ఉన్నాయి. నొక్కి చూశాను. తెరుచుకోలేదు.